సాతపడలో ఒక పూట

2018 ఆగస్టు మొదటి వారంలో అక్కకి వాట్సాప్‌లో ఒక లింక్ పంపించాను. సియాటిల్ పక్క సముద్రంలో ఒక ఓర్కా, చచ్చిపోయిన తన పిల్లని వదలకుండా రోజుల తరబడి మోస్తూ ఈదుతోందని వార్త. అప్పటికే సగం ప్రపంచం దాన్ని చూస్తోంది. సికింద్రాబాద్‌లో, చిలకలగూడ ఇంటి మేడ మీద కూర్చుని నేనూ చూస్తున్నాను. "మీ ఊరి తిమింగలం ఫేమస్ అయిపోయిందిగా" అని కింద ఒక లైను రాశాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

నాలుగు రోజుల తర్వాత రాత్రి అన్నం తింటుంటే అమ్మ, మజ్జిగ పోస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది. "అక్కకి కడుపులోనే పోయిందిరా. రెండు వారాలైంది." అక్కకి అప్పుడు ఏడో నెల. సెప్టెంబరులో అమ్మ వెళ్లడానికి వీసా, టికెట్టు అన్నీ అయిపోయి ఉన్నాయి. ఆవకాయ ప్యాకింగ్ ఎవరు బాగా చేస్తారని నాన్న కనుక్కుంటున్నాడు. ఇద్దరికీ తెలుసు. నాకొక్కడికే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీకెందుకులే అనుకున్నాం, మగపిల్లాడివి" అంది.

పంపిన మెసేజ్‌ని ఇద్దరి ఫోన్లలోంచీ తీసేసే వీలు అప్పటికి వచ్చింది కానీ, దానికో గడువు ఉండేది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంక నేనేం చేశానంటే, ఏమీ చెయ్యలేదు. ఫోన్ చేసి ఆఫీసు సంగతులు మాట్లాడాను. అక్క కూడా అవే మాట్లాడింది.

*

ఆ ఓర్కా పేరు తాలెక్వా. పరిశోధకులు పెట్టిన నంబరు జె35. కెనడాకీ వాషింగ్టన్ రాష్ట్రానికీ మధ్య సముద్రంలో తిరిగే ఓర్కాల్లో జె, కె, ఎల్ అని మూడు మందలున్నాయి. ఒక్కోదానికీ ఫొటోతో సహా రికార్డుంది. వెన్ను మీద రెక్క ఆకారాన్ని బట్టి, దాని వెనక ఉండే తెల్లటి మచ్చని బట్టి గుర్తుపడతారు. మూడు మందలూ కలిపినా 70 పైచిలుకే. వీటి ఆహారం చేపలు, అందులోనూ ముఖ్యంగా చినూక్ అనే సాల్మన్. ఆ సాల్మన్ తగ్గిపోతోంది కాబట్టి ఇవీ తగ్గిపోతున్నాయి.

2018 జులై 24న తాలెక్వాకి ఆడపిల్ల పుట్టింది, అరగంటకే చచ్చిపోయింది. దాన్ని 17 రోజులు మోసింది. శవం జారి మునిగిపోతుంటే కిందికి వెళ్లి మళ్లీ తల మీదకి ఎత్తుకునేది. అట్లా 1600 కిలోమీటర్లు తిరిగిందని లెక్క. మా నాన్న భాషలో చెప్పాలంటే, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో బయల్దేరి హౌరా చేరేంత దూరం. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ప్రపంచంలో ఏ దూరాన్నైనా ఏదో ఒక బండితో కొలుస్తాడు.

నేను అప్పుడప్పుడూ కథల మీద వ్యాసాలు రాస్తుంటాను. జంతువుల చేత మనుషుల ఏడుపు ఏడిపించే కథలంటే నాకు పడదు. కుక్క కళ్లల్లో నీళ్లు, ఆవు మనసులో మాట, ఇట్లాంటివి కనిపిస్తే ఎర్రపెన్ను తీస్తాను. మనం చూసేది ప్రవర్తన ఒక్కటే, భావం మనం అంటగట్టేది అని నా వాదన. ఉద్యోగరీత్యా కూడా అదే అలవాటు. సర్వరు ఏం చేసిందో లాగ్ చెబుతుంది, ఎందుకు చేసిందో చెప్పదు. ఆ రెండోది మన ఊహ. ఊహనే లాగ్ అనుకుంటే రాత్రి రెండింటికి మళ్లీ ఫోను మోగుతుంది.

అందుకని ఆ ఆగస్టంతా నేను వెతికింది ఒకటే. ఇది శోకం కాదు అని ఎవరైనా శాస్త్రజ్ఞుడు గట్టిగా చెబుతాడేమోనని. అట్లా చెబితే నేను పంపిన లింకు బరువు కొంచెం తగ్గుతుందని కాబోలు. ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. చచ్చిన పిల్లని మొయ్యడం, దాని పక్కనే కాపలా ఉన్నట్టు తిరగడం సుమారు 20 జాతుల తిమింగలాల్లో, డాల్ఫిన్లలో నమోదైందట. అందులో డాల్ఫిన్ల కుటుంబానివే చాలా ఎక్కువ. ఎక్కువగా తల్లులే. కొందరు అది శోకమే అన్నారు. ఇంకొందరు, పిల్ల చచ్చిందని తల్లికి తెలియకపోవచ్చు, ఊపిరి కోసం పైకెత్తే సహజ గుణం ఆగకుండా నడుస్తూ ఉండొచ్చు అన్నారు. ఈ రెండో మాట చదివినప్పుడు నాకు ఊరట కలగాల్సింది. కలగలేదు. చచ్చిందని ఒప్పుకోలేక ఇంకా ఊపిరి అందించాలని చూడటాన్ని మనుషుల్లో అయితే మనం ఏమంటాం?

*

2019లో ప్రాజెక్టు పని మీద సియాటిల్‌లో మూడు నెలలున్నాను. ఒక శనివారం బావ నన్ను తిమింగలాలు చూపించడానికి తీసుకెళ్లాడు. అక్క ఒడ్డు దాకా వచ్చింది, బోటెక్కలేదు. "చలి, మీరెళ్లి రండి" అంది.

మాకు కనిపించినవి జె మందవి కావు. సీళ్లని తినే రకం ఓర్కాలు, ఒక తల్లి, పెద్ద కొడుకు, ఇంకో రెండు చిన్నవి. మైకులో గైడు వాటి వంశవృక్షం చెబుతోంది. ఎవరు ఎవరి అమ్మమ్మ, ఎవరు ఎవరి మేనమామ. ఒప్పుకుంటాను, నాకది చాలా బాగుంది. నాలుగు తరాల నవల చదువుతున్నట్టుంది. చేపలు తినే ఓర్కాల గురించి ఆమె చెప్పింది ఇంకా బాగుంది. వాటిలో కొడుకైనా కూతురైనా జీవితాంతం తల్లి మందని వదిలి వెళ్లరు. ఒక్కో మందకీ దాని సొంత పిలుపులుంటాయి, యాసల్లాగా. ఈతలుడిగిన ముసలి ఆడవి ఇంకా దశాబ్దాలు బతుకుతాయి, సాల్మన్ దొరకని ఏడాది ముందుండి దారి చూపించేవి అవే.

ఈ కుటుంబాలనే 1960ల్లో, 70ల్లో అక్వేరియాల కోసం వలలేసి పట్టుకెళ్లారు. 1970 ఆగస్టులో పెన్ కోవ్ దగ్గర పట్టిన పిల్లల్లో ఒకటి మయామీలో ఒక తొట్టెలో 2023 దాకా బతికింది. పిల్లల్ని పట్టుకెళ్లే బోట్లు పోయి, చూసే బోట్లు వచ్చాయి. నయమే. కానీ ఓర్కాలు చేపని వెతుక్కునేది చప్పుడుతో, బోటు ఇంజన్ చేసేదీ చప్పుడే. అందుకే 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో ఏ బోటైనా ఈ మూడు మందలకీ 1000 గజాల దూరంలో ఉండాలని చట్టం తెచ్చారు.

ఒడ్డుకి వచ్చాక అక్క అడిగింది, "కనిపించాయా?" అని. కనిపించాయన్నాను. "పిల్లలున్నాయా?" అంది. రెండు అన్నాను. కారెక్కాం.

*

ఐదేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో అక్క పాపని తీసుకుని వచ్చింది. పాపకి నాలుగేళ్లు. జనవరి మొదటి వారంలో ఒకరోజు పక్కగదిలోంచే నాకు వాట్సాప్‌లో ఒక లింక్ పంపింది. తాలెక్వాకి డిసెంబరులో ఇంకో ఆడపిల్ల పుట్టింది, అదీ చచ్చిపోయింది, మళ్లీ మోస్తోంది. అక్క కింద ఏమీ రాయలేదు.

నేను ఆ గదిలోకి వెళ్లలేదు. కాసేపాగి, "మధ్యలో ఒకడు పుట్టి బతికాడు, 2020లో" అని టైప్ చేశాను. అది నిజమే, జె57 అని. "తెలుసు" అని వచ్చింది.

పూరీ వెళ్దామన్నది అమ్మ. చిలికా కలుపుదామన్నది అక్క. నాన్నకి రైల్వే పాసుంది, ఇంకేం కావాలి. సంక్రాంతి రద్దీ మొదలవ్వకముందే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం. తెల్లారి విశాఖలో ఇంజన్ అటుది ఇటు మార్చే తీరిక ఉంటుంది కాబట్టి అక్కడ నేను పాపకి ఒక కథ చెప్పాను. దానికి అర్థం కాలేదు, నాకు మాత్రం చెప్పాలనిపించింది.

చిలికాలో ఉండే డాల్ఫిన్‌ని ఇరావతి డాల్ఫిన్ అంటారు. బర్మా నది పేరు. కానీ శాస్త్రానికి అది మొదట దొరికింది బర్మాలో కాదు, 1852లో మన విశాఖపట్నం రేవులో. దాన్ని సేకరించినాయన వాల్టర్ ఇలియట్. అవును, అమరావతి స్తూపం శిల్పాల్ని 1845లో తవ్వించిన ఇలియటే. ఆ శిల్పాలు లండన్ చేరి చాలాకాలం ఇలియట్ మార్బుల్స్ అని ఆయన పేరుతోనే చలామణీ అయ్యాయి. ఈ డాల్ఫిన్ కూడా లండన్‌కే చేరింది. 1866లో రిచర్డ్ ఓవెన్ దాన్ని వర్ణించి, పొట్టి ముక్కుది అని అర్థం వచ్చేలా లాటిన్ పేరు పెట్టాడు. డైనోసార్ అన్న మాటని పుట్టించింది కూడా ఈ ఓవెనే. తర్వాత ఇరావతి నదిలో అట్లాంటివే కనిపించేసరికి ఆ నది పేరు స్థిరపడిపోయింది. విశాఖలో దాని పేరున ఏమీ మిగల్లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది కానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. పైగా ఈ డాల్ఫిన్‌కి చెప్పుకోదగ్గ ముక్కే లేదు. గుండ్రటి నుదురు, నవ్వుతున్నట్టుండే నోరు, అంతే. ప్రజాతి పేరు ఓర్కెల్లా. అంటే చిన్న ఓర్కా.

ఈ చివరి ముక్క అక్క విన్నదో లేదో తెలీదు. పాప జుట్టు దువ్వుతోంది.

పలాసలో నాన్న దిగి జీడిపప్పు కొన్నాడు. ఆయన సొంతూరు అదే కాబట్టి బేరమాడటం తన హక్కనుకుంటాడు. మధ్యాహ్నం రంభ దాటాక కుడివైపు కిటికీలోంచి చిలికా కనిపించింది. రైలు పట్టాల పక్కనే, బూడిదరంగు నీళ్లు. అంచు కనిపించదు. వానాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లు దాటుతుందంటారు. 1981లో భారతదేశం నుంచి రామ్సార్ జాబితాకి ఎక్కిన మొదటి చిత్తడినేలల్లో ఇదొకటి. తర్వాత పూడిక పేరుకుని, సముద్రంతో కలిసే దారి మూసుకుపోతూ ఉప్పుదనం తగ్గి, చేపలు పోయి, చావుబతుకుల్లో పడింది. 2000 సెప్టెంబరులో ఇసుక దిబ్బని తవ్వి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు తిరిగొచ్చాయి. డాల్ఫిన్లు ఇప్పుడు 150 చిల్లర.

*

పూరీ నుంచి సాతపడ 50 కిలోమీటర్లు. రేవులో చెక్క బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. పైన టార్పాలిన్ పందిరి, వెనక పొడుగాటి ఇరుసు చివర ఫ్యాను తిరిగే మోటారు. మాకు వచ్చిన బోటు కుర్రాడితో నాన్న చాలా గర్వంగా ఒరియాలో మొదలుపెట్టాడు. పలాస ఒరియా. ఆ అబ్బాయి ఓపిగ్గా అంతా విని, "సార్, తెలుగులో చెప్పండి, నేను హైదరాబాద్‌లో రెండేళ్లు సెంట్రింగ్ పని చేశాను" అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

డాల్ఫిన్లు, ఎర్ర పీతలు, సముద్ర ముఖద్వారం, అన్నీ కలిపి మూడు గంటల ప్యాకేజీ. "డాల్ఫిన్ గ్యారంటీ" అన్నాడు. ఆ మాటతోనే నాకు అనుమానం మొదలైంది.

ఈ డాల్ఫిన్లు ఎగరవు. అదొక పెద్ద నిరాశ జనానికి. టీవీలో చూసినట్టు గాల్లోకి లేచి పల్టీ కొడతాయని వస్తారు. ఇవి బోటు ముందు అలల మీద ఆడుకునే రకం కూడా కాదు. నల్లటి వీపు ఒకటి మెల్లిగా పైకొచ్చి, ఇంత చిన్న రెక్క చూపించి, మునిగిపోతుంది. రెండు సెకన్లు. మళ్లీ ఎక్కడ లేస్తుందో తెలీదు. మొదటిది కనిపించగానే చుట్టుపక్కల ఉన్న బోట్లన్నీ అటు తిరిగాయి. ఆరు, ఏడు, తర్వాత లెక్కపెట్టలేదు. ఒక బోటులో కుర్రాళ్లు ఈలలేస్తున్నారు. ఇంకోదాంట్లో ఎవరో చప్పట్లు కొడుతున్నారు, కొడితే వస్తాయట. మా కుర్రాడు కూడా మోటారు పెంచాడు. వీపు లేచిన చోటికి మేం వెళ్లేసరికి అది ఇంకోచోట. అందరం అక్కడికి. చూస్తే అవి మమ్మల్ని తప్పించుకు తిరుగుతున్నాయని అర్థమవుతూనే ఉంది. పక్క బోటులో ఒకాయన మాత్రం, "ఆడుకుంటున్నాయి, చూడు" అని పిల్లలకి చెబుతున్నాడు. నా ఎర్రపెన్ను గుర్తొచ్చింది. భావాన్ని అంటగట్టడం తప్పనుకున్నాను ఇన్నాళ్లూ. మనకి అనుకూలమైన భావాన్నే అంటగడతామన్నది అంత పట్టించుకోలేదు. ఆట అనడానికి ఎవరికీ రుజువక్కర్లేదు. శోకం అనడానికే నూటెనిమిది రుజువులు కావాలి.

అప్పుడు అమ్మ అంది, "బాబూ, ఆ మోటారు ఒకసారి ఆపు నాయనా."

"ఆపితే రావమ్మా, దూరం పోతాయి. తర్వాత కనపళ్లేదంటారు."

"అనంలే. ఆపు."

నాన్న కూడా తలూపాడు. మోటారు ఆగింది. మిగతా బోట్లు చప్పుడు చేసుకుంటూ వేరే వీపు వెనక పడ్డాయి. చెవుల్లో కాసేపు ఆ హోరే మిగిలి, తర్వాత అదీ తగ్గింది. అట్లా పావుగంట దాకా కూర్చున్నాం. పాప కూడా ఎందుకో మాట్లాడలేదు.

మొదట వినిపించింది ఊపిరి. ఫూ అని, మనిషి గట్టిగా నిట్టూర్చినట్టు. నేను తల తిప్పేలోపు వీపు మునిగిపోయింది. కొంచెం దూరంలో వెదురు బొంగులు పాతి వరసగా వలలు కట్టి ఉన్నాయి. ఆ వలల వారన మళ్లీ, ఫూ. ఈసారి రెండు. ఒక పెద్దది, దాన్ని ఆనుకుని ఇంత చిన్నది. రెండూ ఒకేసారి లేచి ఒకేసారి మునుగుతున్నాయి. పిల్ల తల్లి పక్కటెముకల దగ్గరే ఉంటుంది. తల్లి ఈదుతుంటే కదిలే నీళ్ల ఒరవడి పిల్లని లాక్కుపోతుంది కాబట్టి దానికి సగం శ్రమ తప్పుతుంది. ఇంకో రెండు వీపులు వలకి అటుపక్క కనిపించాయి.

"అవి చేపల్ని వలలోకి తోలతాయి సార్," అన్నాడు కుర్రాడు, గొంతు తగ్గించి. "మా నాన్న చెప్పేవాడు, మగర వచ్చినరోజు వల బరువని." అది వట్టి నమ్మకం కాదు. కొరలీ డి'లిమా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు చిలికాలో లెక్కకట్టి చూసి 2014లో ప్రచురించారు. ఇక్కడ వేటాడే డాల్ఫిన్లు సగం సమయం ఈ కట్టుడు వలల దగ్గరే గడుపుతాయి. అవి ఉన్నప్పుడు జాలరులకి బొంత చేపల్లాంటి మల్లెట్ రకాలు ఎక్కువ పడుతున్నాయి, డబ్బూ ఎక్కువే వస్తోంది. డాల్ఫిన్‌కి వల ఒక గోడ, చేపల్ని దానికి అదిమి తింటుంది. తప్పించుకున్నవి వల్లో పడతాయి. ఇరావతి నదిలో అయితే ఇంకా ముందుకెళ్లి, విసురు వల వేసే జాలరులతో సైగల మీద కలిసి పనిచేస్తాయి. అదే చిలికాలో అవే డాల్ఫిన్లు వేరే వలల్లో చిక్కుకునీ, మోటారు బోట్లు తగిలీ చస్తున్నాయి. కుర్రాడు ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అక్క ఆ రెండు వీపుల వైపే చూస్తోంది. తర్వాత ఎవరితోనూ కాకుండా అంది:

"ఎత్తుకుంటారా అని అడిగారు నన్ను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంచుకోవచ్చన్నారు. ఫొటో తీస్తామన్నారు. నేను వద్దన్నాను."

ఎవరం మాట్లాడలేదు. నాన్న చూపు నీళ్ల మీద ఉంది.

"ఆ తర్వాత వారానికి అది మొదలుపెట్టింది మోయడం. టీవీ పెడితే అదే. లిఫ్టులో అదే మాట్లాడేవాళ్లు. ఎన్ని రోజులు మోస్తుందో చూద్దామని రోజూ లెక్కపెట్టుకునేదాన్ని."

అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి, "మా రోజుల్లో అడిగేవాళ్లు కూడా కాదే," అంది.

నేను అమ్మ వైపు చూశాను. అక్క కూడా చూసింది. నాన్న మాత్రం తల తిప్పలేదు. మా ఇంట్లో పిల్లలం ఇద్దరమే అని నాకు తెలుసు. అంతకంటే ఏమీ తెలీదు. అమ్మ ఇంకేం చెప్పలేదు. నేను అడగలేదు. ఇది రాస్తున్న ఈ పూటకీ అడగలేదు.

ఫూ అని ఇంకోసారి వినపడింది, ఈసారి చాలా దూరంగా. "వెళ్లిపోతున్నాయి," అంది పాప. కుర్రాడు తాడు లాగి మోటారు స్టార్ట్ చేశాడు.

మిగతా ప్యాకేజీ మామూలే. ఒక దీవిలో ప్లాస్టిక్ టబ్బులో నాలుగు ఎర్ర పీతలు పెట్టి ఇదే పీతల దీవి అన్నారు. ఒకతను ఆల్చిప్ప పగలగొట్టి అందులోంచి ముత్యం తీశాడు, నాన్న దాన్ని పంటితో కొరికి చూసి అది ముత్యం కాదని తేల్చాడు. పీతల పులుసు మాత్రం బాగుంది. దిగేటప్పుడు అక్క ఆ అబ్బాయికి మాట్లాడుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చింది. "వేరేవాళ్లు వచ్చినప్పుడు కూడా కాసేపు ఆపు" అని చెప్పింది. సరే మేడమ్ అన్నాడు. ఆపుతాడో లేదో తెలీదు. ఆపి, డాల్ఫిన్ కనిపించకపోతే వచ్చినవాళ్లు అతన్నే తిడతారు.

తిరుగు ప్రయాణంలో పొద్దున రైలు మళ్లీ చిలికా పక్కనుంచి వెళ్లింది. పాప అమ్మ ఒళ్లో నిద్రపోతోంది. నాన్న బాలుగావ్ ఎన్ని నిమిషాలు లేటో వాచీలో చూసుకుంటున్నాడు. అక్క నా ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, ఆ పాత లింకు ఉందా ఇంకా?" అంది.

ఏ లింకని నేను అడగలేదు. ఫోను తీసి పైకి జరపడం మొదలుపెట్టాను. పాప పుట్టినరోజులు, కరోనా, బావ కొత్త కారు, దీపావళి ఫొటోలు, అమ్మ షుగర్ రిపోర్టులు. ఆరున్నరేళ్లు జరపడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో సిగ్నల్ పోయింది. 2018 ఆగస్టు వచ్చాక ఫోన్ అక్కకి ఇచ్చాను.

కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది.

"స్మైలీ కూడా పెట్టావురా," అంది.